పిలువని పేరంటము: పరదేశములందు వేసవి సేవ

(న్యాయవాదియు, గ్రంథాలయోద్యమ వాలంటీరునగు మిత్రులొకరు వేసవి సెలవులకు ముందు పట్టణ పఠన మందిరమున విద్యార్థుల యెదుటను, పురజనుల యెదుటను చేసిన ప్రసంగ పాఠము.)



నేటి ప్రసంగ విషయము నేను వెదకి తెచ్చుకొన్నది కాదు. అది తనంతట నా ఆఫీసు మెట్లెక్కి వచ్చినది. పోయిన నెలలో నా చిరకాల మిత్రుడును, కక్షిదారుడును అగు వర్తకుడొకడు తన కుమార్తెను వెంటబెట్టుకొని వచ్చి, పదునాలుగు పుటల కాగితముల కట్టను నా బల్లమీద నుంచెను. ఆ పిల్ల డిగ్రీ రెండవ సంవత్సరము చదువుచున్నది. వచ్చు వేసవిలో నాలుగు వారములు తూర్పు ఆఫ్రికాలోని ఒక దేశమునకు పోయి, అచ్చట ఒక బడిలో పిల్లలకు చదువు చెప్పుటకును, ఒక అనాథాశ్రమమున శిశువులను ఆడించుటకును, వీలైనచో ఒక తరగతి గదికి గోడ కట్టుటకును ఏర్పాటు. ఏర్పాటు చేయువారు ఒక కంపెనీవారు. విమానపు టిక్కెట్టు గాక రెండు లక్షల చిల్లర రుసుము. తుదిని ఒక యోగ్యతాపత్రము నిత్తురు. అది విదేశ విశ్వవిద్యాలయములలో ప్రవేశమునకు అక్కరకు వచ్చునట. సంతకము చేయవచ్చునా, కూడదా? ఇది తండ్రి అడిగిన ప్రశ్న.

ఆ కాగితములను రాత్రి తీరికగా చదివితిని. ఏమి వ్రాయబడినదో చూచుటకంటె ఏమి వ్రాయబడలేదో చూచుట మా వృత్తి. బస ఎచ్చట, దోమతెర ఎవరిది, ఉదయము రొట్టె యిత్తురా అన్నము పెట్టుదురా, ఆదివారములందు సింహములను చూపించుటకు వేరుగా ఎంత వసూలు చేయుదురు, ఇవి యన్నియు కలవు. ముప్పది దినములలోపల ప్రయాణము మానుకొన్నచో సొమ్ము తిరిగి రాదని కలదు. కంపెనీవారు తమ యిష్టానుసారము పనిని, ఊరిని, తుదకు దేశమునే మార్చవచ్చునని కలదు. కాని ఏ బడికి ఈ పిల్ల పోవునో ఆ బడి పేరు లేదు. ఆ బడి ప్రధానోపాధ్యాయుని చేవ్రాలు లేదు. ఇట్టి మనిషి మాకు కావలెనని ఆ బడివారు అడిగినట్లు ఒక్క పంక్తియైనను లేదు. దేశమునే మార్చవచ్చునట! ఏ దేశమున జరిగినను జరుగకున్నను ఒక్కటే యగు పని ఎవరికి కావలసిన పని యని మనమనుకొనవలెను?

ఒడంబడికకు పరుడైనవాడు దానిమీద దావా వేయజాలడని మా చట్టపు సామాన్య సూత్రము. ఈ దస్తావేజునందు సొమ్ము నిచ్చువారొక పక్షము, పుచ్చుకొనువారొక పక్షము. ఎవరి మేలుకొరకు ఇదంతయు జరుగుచున్నదని చెప్పుచున్నారో ఆ పిల్లలు మాత్రము పరులు.

మరునాడు ఈ మాటలే వారితో చెప్పితిని. తండ్రి తల యూపెను. పిల్ల ఊరకుండలేదు. “మీరు నేపాలు వెళ్ళలేదా బాబాయిగారూ? బడి కట్టాం, పాఠాలు చెప్పాం అని మీరే కదా మాకు చెప్పారు. అదీ ఇదీ ఒకటి కాదా?” అని యడిగినది. అప్పటికి ఏదో చెప్పి పంపివేసితిని. ఈ సాయంకాలము నేను చేయు ప్రసంగము ఆనాడు చెప్పవలసియుండి చెప్పలేకపోయిన ప్రత్యుత్తరము.

పరదేశమునకు పోయి కూలి లేకుండ పనిచేయుట నిన్న మొన్న పుట్టిన వేడుక కాదు. దానికి నూరేండ్లు నిండినవి. 1914–18 మహాయుద్ధమునందు ఫ్రాన్సు తూర్పు భాగమున వెర్దున్ చుట్టునుగల పల్లెలు నేలమట్టమయ్యెను. 1920 నవంబరులో ఆ చెంతనున్న ఎస్న్ అను గ్రామమునకు కొలదిమంది పారలు, గునపములు పట్టుకొని వచ్చిరి. వారిని కూడగట్టినవాడు పియెర్ సెరెజోల్ అను స్విస్ ఇంజనీరు. ఈతని తండ్రి స్విట్జర్లాండు సమాఖ్యకు అధ్యక్షత వహించినవాడు. కొడుకు సైనిక పన్ను కట్టనని జైలుకు పోయినవాడు. ఆ గుంపులో జర్మనులును ఉండిరి. రెండేండ్ల క్రిందట ఆ నేలమీద ఫిరంగులు పేల్చిన జాతివాడు నేడు అదే నేలమీద గుంటలు పూడ్చుచు, బాటలు బాగుచేయుచు, ఇల్లు లేనివారికి కొయ్య గుడిసెలు కట్టుచుండెను. అధికారులకు ఇది రుచింపలేదు. అయిదు నెలలు తిరిగి 1921 వసంతకాలము వచ్చునప్పటికి ఆ శిబిరము ముగిసెను.

మోసిన రాళ్ల లెక్క తీసినచో ఆ గ్రామస్థులే అంతకు పదిరెట్లు మోయగలరు. కాని అచ్చట జర్మనువాడు పరదేశీయుడగుటయే అతని పనిలో సగము. ఆ రాయిని మరియొకడు మోసినచో దానికి ఆ విలువ లేదు. “పరదేశమునకే పోనేల, మన ఊరిలో పని లేదా?” అని మనవారు తరచు అడుగుదురు. ఆ ప్రశ్నకు ఎస్న్ గ్రామము ఒక సమాధానము. పరాయివాడే చేయవలసిన పనులు లోకమున కొన్ని కలవు. అవి మిక్కిలి తక్కువ యనునది వేరు మాట.

అచ్చట మొదలయిన ఉద్యమమునకు తరువాత అంతర్జాతీయ పౌరసేవ యని పేరు నిలిచెను. “మాటలు కావు, పనులు” అనునది వారి సూత్రము. 1927 సెప్టెంబరులో రైన్ నది గట్టు తెగి లీహ్టెన్‌స్టైన్ అను చిన్న రాజ్యమును ముంచివేయగా, మరుసటి సంవత్సరము పలు దేశములనుండి ఏడువందలకు పైబడిన వాలంటీరులు వచ్చి, పొలములపై పేరుకొన్న ఇసుకను, గులకను ఎత్తిపోసిరి. 1931 వేసవిలో వేల్సు దేశమున బ్రిన్‌మార్ అను బొగ్గుగనుల ఊరిలో, పనులు పోయి కూర్చున్న కూలీలతో కలిసి చెత్తదిబ్బను చదునుచేసి, ఈతకొలనును, తోటను నిర్మించిరి. వేసవికి పోయి వేసవికి మరలి వచ్చు పద్ధతి ఇట్లు స్థిరపడినది. వారు తిండి, బస తప్ప వేరొండు పుచ్చుకొనరు. కూలివాని నోటి కూడు తీయు పనిని ముట్టరాదని వారి నియమము. ఒక్క సంగతి మాత్రము దాచక చెప్పవలెను. ఆ తొలి శిబిరములందు స్త్రీలను “సోదరీ” యని పిలుచుచు, వంటకును, బట్టలుతుకుటకును నియోగించిరి. సోదరభావము పొయ్యివద్ద ఆగిపోవుట మన దేశమునకే చెల్లలేదని చదివి నాకు కొంత ఊరటయు, అంతకు మించిన సిగ్గును కలిగినవి.

ఈ సెరెజోల్ మన దేశమునకు వచ్చిన సంగతి మనలో పెక్కురకు తెలియదు. 1931 డిసెంబరులో గాంధీమహాత్ముడు స్విట్జర్లాండున రోమా రోలాకు అతిథిగా నున్నప్పుడు ఈయన మహాత్ముని కలిసికొనెను. 1934 జనవరి 15వ తేదీ మధ్యాహ్నము బీహారును, నేపాలును భూకంపము కుదిపివేసెను. ముజఫర్‌పూరు, మోతీహారి, దర్భంగ, ముంగేరు పట్టణములు కూలినవి. పొలములలో నేల చీలి ఇసుకయు, నీరును పైకి చిమ్మినవి. నేల మట్టము మారుటచే కొన్ని పల్లెలు ప్రతి వర్షాకాలమునను మునుగునట్టివయ్యెను. భూకంపము నాటికి ఖైదులోనున్న రాజేంద్రప్రసాదుగారు కొలది దినములలో విడుదలై సహాయపు పనికి పూనుకొనిరి.

సెరెజోల్‌కు అప్పటికి 54 ఏండ్లు. మన దేశమున అతడు చేసిన మొదటి పని గునపము పట్టుట కాదు. వచ్చి చూచుట, అడుగుట, వినుట. రాజేంద్రప్రసాదుగారి సంఘమువారితోను మాటాడెను, సర్కారు అధికారులతోను మాటాడెను. అటుపిమ్మటనే యూరపునుండి తోడివారిని తీసికొని వచ్చెను. వచ్చినవారు గుప్పెడుమంది. 1937 వరకు వారు వచ్చుచు పోవుచు, ముజఫర్‌పూరు ప్రాంతమున మునుగు పల్లెలను మెరక నేలకు తరలించి ఇండ్లు కట్టు పనిలో నిలిచిరి. అట్లు లేచిన ఊరొకదానికి శాంతిపూర్ అని పేరు. గుప్పెడు తెల్లవారు ఊళ్లు కట్టజాలరు. కట్టినది ఆ పల్లెల జనమే. వీరు ఇంజనీరు తెలివిని, కొంత సొమ్మును, తమ వీపులను తెచ్చి ఆ జనముతో కలిపిరి. తెలియని చోటికి పోయిన 54 ఏండ్ల ఇంజనీరు ముందు వినుటకు సిద్ధపడినాడు. ఇరువది ఏండ్ల మనము మొదటి దినముననే బోధించుటకు సిద్ధపడుచున్నాము.

ఇక నా సంగతి. ఇతరుల దస్తావేజులోని లోపములను ఎత్తి చూపినవాడు తన దస్తావేజును దాచరాదు.

2015 ఏప్రిలు 25వ తేదీ మధ్యాహ్నమునకు కొంచెము ముందు నేపాలులో భూకంపము వచ్చెను. ఆనాడు శనివారము. నేపాలులో వారపు సెలవు శనివారమే. వేలకొలది తరగతి గదులు కూలెను. పిల్లలు వానిలో లేకపోయిరి. మొత్తముమీద దాదాపు 9,000 మంది మరణించిరి. మే 12న భూమి మరల గట్టిగా కంపించెను. మాకు కోర్టులకు వేసవి సెలవులు. అప్పుడు నాకు 35 ఏండ్లు. మా పట్టణమున చందాలు పోగుచేసి, దుప్పట్లు, చీరలు, బియ్యము మూటలు కట్టుకొని నలుగురము రైలెక్కితిమి. పాట్నాలో దిగి, బస్సులో గంగ దాటి, ముజఫర్‌పూరు మీదుగా రక్సౌల్ చేరితిమి. ముజఫర్‌పూరులో బస్సు ఆగినప్పుడు దిగి టీ త్రాగితిని. ఎనుబది యేండ్లకు పూర్వము ఇట్టి పనికే ఆ నేలమీదికి పరదేశీయులు వచ్చిరని నాకప్పుడు తెలియదు. తెలిసియుండినచో కొంత వినయము అబ్బియుండెడిది. నేపాలు పోవుటకు మనకు వీసా అక్కరలేదు. గడియారమును పదునైదు నిమిషములు ముందుకు త్రిప్పుకొన్న చాలును. రాకపోకలు ఇంత సులభమగుటయే మా తొందరకు ఒక కారణము.

మరణములు అన్నిటికంటె ఎక్కువగ జరిగిన జిల్లా సింధుపాల్చోక్. అచ్చట కొండమీద ఒక ఊరి బడికి తాత్కాలికముగ రెండు గదులు లేపవలెను. మే 31న బడులు తెరువవలెనని ప్రభుత్వపు నిర్ణయము. జూను నడిమికి వానలు దిగును. తొందర నిజమైనదే. కాని మమ్ము పిలిచినవారెవరు? ఎవరును కారు. మాలో ఒకని స్నేహితుడు కాఠ్మాండూలో నుండెను. ఆతని స్నేహితునిది ఆ ఊరు. అంతియే. పిలువని పేరంటమునకు పోయినవారము మేము.

మా మూటలు విప్పితిమి. మే నెలలో, వానలకు ముందు, ఆ ఊరివారికి కావలసినవి పైకప్పు రేకులు. మా చీరలు వారి కట్టుకు పనికిరావు. బియ్యము మాత్రము ఉపయోగపడినది, మమ్ము మేపుటకు!

భూకంపమునకు ఆ ఊరి ఊటబుగ్గ ఎండిపోయి, కొండకు దిగువన వేరొకచోట నీరు పుట్టెను. బిందెడు నీటికి రానుపోను గంట పట్టును. మేము కృష్ణా కాలువల చెంత పెరిగిన తెలుగువారము. రెండు పూటలు స్నానము లేనిదే ప్రాణము కుదుటపడదు. మొదటి మూడు దినములు ఆ నీరెవరు తెచ్చుచున్నారో మాలో ఒక్కడును అడుగలేదు. నాలుగవనాడు వేకువన నేను మేలుకొని చూడగా, మేము ఎవరి పందిరిలో పండుకొనుచుంటిమో ఆ యింటి కోడలు, నుదుటికి పట్టెడ తగిలించుకొని, వీపున బరువుతో కొండ ఎక్కి వచ్చుచుండెను. ఆమె ఇల్లు కూలియున్నది. అత్త మంచమున నున్నది. మగడు మలేషియాలో కూలిపనిలో నున్నాడు. ఆమె మోయుచున్న నీరు ఆ యింటికి సేవ చేయవచ్చిన నలుగురు మగవారి స్నానములకు.

పని సంగతి చెప్పెదను. చదునైన మెట్టు నొకదానిని చూచి, దారము పట్టి, నిట్టాడులకు పదునారు గుంటలు త్రవ్వితిమి. ప్రధానోపాధ్యాయులు ప్రక్కనే నిలిచి చూచుచుండిరి, ఏమియు అనలేదు. మూడవనాడు ఒక ముసలి వడ్రంగి వచ్చి కొండవైపు చేయి చూపి, మా గుంటలవైపు చేయి చూపి, “పానీ” అనెను. వానకాలమున కొండమీది నీరంతయు ఆ మెట్టు మీదుగనే దిగునట! గుంటలు పూడ్చి, ఎగువన మరల త్రవ్వవలసివచ్చెను. మూడు దినములు వ్యర్థము. నేను ఆ ప్రధానోపాధ్యాయులతో కొంత విసుగుతో, ముందే చెప్పరాదా యంటిని. ఆయన మెల్లగా హిందీలో, “మీరు అతిథులు గదా!” అనెను.

ఆ మాట నాకు నేటికిని గుచ్చుకొనుచునే యున్నది. అతిథిని తప్పు పట్టువాడెవడు? అతిథికి మర్యాద చేయుదురు. సేవకునకు పని చెప్పుదురు. సేవకునివలె పేరు తెచ్చుకొని అతిథివలె మర్యాద పొందితిమి. మేము వారి మంచితనమును మా పనికి మెప్పుగా ఎంచుకొంటిమి. కూలివానివలె వారు మమ్ము గద్దించియుండినచో ఆ పదునారు గుంటలు సరియైన చోట మొదటినాడే పడియుండెడివి.

ఆనాటినుండి వడ్రంగియే మాకు మేస్త్రి. రస్తానుండి రేకులు మోయుమనినచో మోసితిమి. మట్టి త్రవ్వుమనినచో త్రవ్వితిమి. వెదురు చీల్చుట ఆయన నాకు రెండు మారులు నేర్పి, నా చేయి చూచి, మరల రేకుల పనికే పంపివేసెను. ఆ ఊరి యువకులనేకులు పరదేశములలో నుండుటచే మా భుజములకు నిజముగ కొంత అక్కర యుండినది. వానలకు ముందు గదులు రెండును నిలిచినవి. ఇంతవరకు చెప్పుకొనగలను. ఇంతకు మించి చెప్పుకొన్నది, ఈ పిల్లలకు మా యింటి అరుగుమీద కూర్చుండి చెప్పినది, కొంత అసత్యము.

ఆ అసత్యము పాఠములను గూర్చినది. బడి తెరచిన పిమ్మట నాలుగు దినములు నేను గణితము చెప్పుటకు పూనుకొంటిని. ఆ పిల్లలు ఇంటిలో మాటాడునది తామాంగు భాష. బడిలో నేర్చుకొనునది నేపాలీ. నేను చెప్పినది హిందీ. నేను చెప్పునంతసేపు ఆ తరగతి ఉపాధ్యాయుడు వెనుక నిలిచి నా మాటలను తిరిగి చెప్పుచుండెను. అనగా ఒకరు చేయు పనిని ఇద్దరము చేసితిమి, మరింత చెడ్డగా. నేను వచ్చువేళకు ఒక చిన్నవాడు నా వ్రేలు పట్టుకొని, ఎప్పుడు మరల వత్తువని యడిగెను. దసరాకు వత్తునంటిని. నేను పోలేదు. పెద్దవాడు ఇట్టి మాటను మర్యాదకు చెప్పిన మాటగా తీసికొనును. ఇంటికప్పు కూలి నెల తిరిగిన పిల్లవాడు అట్లు తీసికొనడు.

కావుననే పిల్లలతోడి పనిని రాళ్లతోడి పనితో కలిపి లెక్కింపరాదని నా మనవి. గోడ వంకరగా వచ్చినచో పడగొట్టి కట్టవచ్చును. అనాథాశ్రమముల సంగతి ఇంకను కఠినము. భూకంపము తరువాత నేపాలు ప్రభుత్వమువారు విదేశ దత్తతలను నిలిపివేసిరి. క్రొత్త ఆశ్రమముల స్థాపనను ఆపిరి. తగిన అనుమతి లేనిదే పిల్లలను జిల్లా దాటింపరాదనిరి. ఇంత ఏల? నేపాలు ఆశ్రమములలోనున్న పిల్లలలో నూటికి 85 మందికి తక్కువ కాకుండ తల్లియో, తండ్రియో సజీవులై యున్నారని యూనిసెఫ్ సంస్థవారు ఆనాడు ప్రకటించిరి. కొండ ఊళ్లకు దళారులు పోయి, మీ బిడ్డకు పట్టణములో చదువు చెప్పింతుమని తెచ్చి, పరదేశీయుల యెదుట అనాథగా నిలుపుట జరుగుచుండెను. చూడవచ్చువారు సొమ్మిత్తురు, సొమ్ము వచ్చు చోట అనాథలు పుట్టుకొని వత్తురు. ఆస్ట్రేలియా పార్లమెంటు సంఘమొకటి 2017లో ఆధునిక దాస్యమును విచారించుచు ఈ వ్యాపారమునుగూడ విచారించెను. 2019 డిసెంబరులో ఐక్యరాజ్య సమితి సాధారణ సభ బాలల హక్కులపై చేసిన తీర్మానమున ఇట్టి ఆశ్రమములకు వాలంటీరులను, యాత్రికులను పంపుటవలని కీడును పేర్కొనెను. ప్రేమతో పోయిన పిల్ల ఒక దళారికి తెలియకయే బేరము చేకూర్చునది కావచ్చును. ఆ పదునాలుగు పుటలలో నేను ఎఱ్ఱ సిరాతో కొట్టివేసిన మొదటి షరతు ఇదే.

బడి సంగతి మన ఊరితో పోల్చి చూడుడు. రేపు మన జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలకు ఇరువది యేండ్ల పరదేశపు యువతి యొకతె, తెలుగు ముక్క రానిది, ఉపాధ్యాయ శిక్షణ లేనిది, నాలుగు వారములు ఏడవ తరగతికి పాఠము చెప్పెదనని వచ్చినచో మనము తలుపు తీయుదుమా? ఆమె ఎవరు, ఎవరి అనుమతితో వచ్చినది, ఆ నాలుగు వారములు మన మాస్టరుగారు ఏమి చేయవలెను అని అడుగమా? ఆమెకు వీసా ఏదని పోలీసువారును అడుగుదురు. మన దేశమునందు పరదేశీయుడు స్వచ్ఛంద సంస్థలో ఒక నెలకు మించి పనిచేయుటకు, జీతము లేకున్నను, యాత్రికుని వీసా చాలదు. మన గుమ్మమున మనము అడుగు ప్రశ్నను ఇతరుల గుమ్మమున మరచుట న్యాయము కాదు.

కాలపరిమితినిగూర్చి ఒక మాట. 1958 వేసవిలో జేమ్సు రాబిన్సన్ అను నీగ్రో జాతి పాదిరి (అమెరికాలో ఆ జాతివారిని నేడు ఆఫ్రికన్ అమెరికనులందురు) విద్యార్థులను పశ్చిమ ఆఫ్రికాకు కొనిపోయి, అచ్చటి యువకులతో కలిసి బడులు మొదలగు కట్టడములు కట్టు శిబిరములను నడపెను. దానిని చూచియే తన పీస్ కోరునకు ఇది పూర్వగామి యని కెన్నెడీగారు తరువాత మెచ్చుకొనిరి. కాని 1961లో ఆ పీస్ కోరును పెట్టినప్పుడు వేసవిని చాలదనిరి. రెండేండ్ల కాలము, పోవుటకు ముందు భాషా శిక్షణ అని నియమించిరి. ఆ వాలంటీరులు 1961 మొదలు 1976 వరకు మన దేశమునను పనిచేసిరి. ఇంగ్లండులో 1958లోనే మొదలైన వి.ఎస్.ఓ. అను సంస్థ బడి విడిచిన పదునెనిమిదేండ్లవారిని పంపుటతో ఆరంభించి, క్రమముగా పనియందు ఆరితేరినవారిని పంపు పద్ధతికి మారెను. అనుభవము వారికి నేర్పినది ఇది. ఒక వేసవి పారకు చాలును; పాఠమునకు చాలదు.

“అట్లయిన మేము లోకమును చూడవలదా?” అని యువకులు నన్నడుగవచ్చును. చూడుడు! నేను పోవలదనుట లేదు. విద్యార్థిగా పొండు. రుసుము చెల్లించి ఆ దేశపు భాషను నేర్చుకొనుడు, వారి ఇండ్లలో బసచేయుడు, వారి పొలములను, కోర్టులను, సంతలను చూడుడు. నేర్చుకొనుటకు పోయినవాడు సొమ్మిచ్చుట గౌరవము. ఆ నేర్చుకొనుటకే సేవ యని పేరు పెట్టి, ఎవరికిని తెలియని ఒక బడి పిల్లలను దానికి పనిముట్లుగా చేయుటయే నాకు ఇష్టము లేనిది. నిజముగ పార పట్టదలచినచో శిబిరములు నేటికిని జరుగుచున్నవి. సెరెజోల్ స్థాపించిన సంస్థయు సజీవముగనే యున్నది. కాని అచ్చట సింహములను చూపరు.

మరికొందరు పెద్దలు వేరు మాట చెప్పుదురు: పోనేల, ఆ సొమ్మునే పంపిన చాలదా? లెక్కకు ఇది సరియే. మా నలుగురి రైలు, బస్సు ఖర్చులకు ఎన్ని రేకులు వచ్చెడివో నేను తిరిగి వచ్చిన పిమ్మట లెక్కవేసి చూచి ఊరకుంటిని. అయినను ఈ మాటకు నేను పూర్తిగా తలయొగ్గను. సొమ్ము పంపినచో నాకు ఆ కోడలు మోసిన బిందె తెలిసియుండదు. కాని ఆ తెలివి నాకు వచ్చిన లాభము. వెల యిచ్చినది ఆమె. ఈ లెక్కను ఎట్లు సరిచేయవలెనో నాకు ఈ పదేండ్లలో తోచలేదు. మేము వచ్చిన పిమ్మట రెండు మారులు ఆ బడికి రేకులకై సొమ్ము పంపితిమి. దానితో సరిపోయినదని నేననుకొనుట లేదు.

ఆ కంపెనీవారికి నా మిత్రుని పేరిట ఒక ఉత్తరము వ్రాసి పంపితిమి. ఈ అమ్మాయిని పంపుమని ఎవరు అడిగిరి? ఆ బడి పేరేమి? మిగిలిన పదునొకండు నెలలు ఆ పనిని ఎవరు చేయుచున్నారు, ఆ నాలుగు వారములు వారి జీతము ఏమగును? అచ్చట ఈమెకు పని చెప్పువారెవరు, తప్పు చేసినచో మందలించువారెవరు? ఏ వీసా మీద పోవలెను? ఇంతే వ్రాసితిమి. మొన్న ప్రత్యుత్తరము వచ్చినది. మీ ఉత్సాహమునకు ధన్యవాదములనిరి. యాత్రికురాలిగా ప్రవేశించుట సులభమనిరి. టీకాల పట్టిక, నవ్వుచున్న పిల్లల ఛాయాపటము ఒకటి జతపరచిరి. మొదటి ప్రశ్నకు జవాబు లేదు.

ఆ పిల్ల నా ఆఫీసులోనే కూర్చుండి దానిని రెండు మారులు చదివినది. “బడి పేరైనా చెప్పలేదే బాబాయిగారూ! పేరు తెలిస్తే హెడ్మాస్టరుగారికి నేనే ఉత్తరం రాసి అడుగుతాను కదా, నేను రావడం వాళ్ళకి ఇష్టమేనా అని” అన్నది. ఆ పేరు తెలుపుమని నిన్న తన పేరిటనే మరల వ్రాసినది. సంతకమునకు గడువు ఈ నెల 20వ తేదీ. నేడు 12. కాగితములు సంతకము లేకుండ నా సొరుగులో నున్నవి. ఆమె యిపుడు మూడవ వరుసలో కూర్చుండి నా మాటలు వినుచున్నది.